సిరోంచకు రావలసిన ఓడలు

గోదావరి వెంట పోతే సిరోంచ నుంచి సముద్రానికి నాలుగు వందల కిలోమీటర్లకు పైనే దూరం. అంత లోపల ఉన్నా, ఈ ఊరి దగ్గర నది సముద్ర మట్టానికి ఇంచుమించు వంద మీటర్ల ఎత్తులోనే పారుతుంది. కాస్త దిగువన కట్టిన మేడిగడ్డ బరాజ్ నిండు మట్టం సరిగ్గా వంద మీటర్లు. అంటే ఈ అడవుల నడుమ బయల్దేరిన పడవ నాలుగు వందల కిలోమీటర్లు సాగి, ఆ వంద మీటర్లు దిగితే చాలు, ఉప్పునీళ్లు తగులుతాయి. ఈ లెక్క చూస్తే ఇంజినీరన్నవాడి మనసు ఊరుకోదు. నూట డెబ్బై ఏళ్ల కిందట కొందరికి ఊరుకోలేదు కూడా. వాళ్లు తలపెట్టిన పని పూర్తయి ఉంటే ఇవాళ సిరోంచను గడ్చిరోలి జిల్లా కొసన ఉన్న తాలూకా కేంద్రమని కాక, రేవు పట్నమని చెప్పుకునేవాళ్లం.

ఊరు ప్రాణహిత ఎడమ గట్టున ఉంది. ఎదుటి ఒడ్డు తెలంగాణ. అటు అర్జునగుట్ట, చెన్నూరు, మంచిర్యాల. కొద్ది దూరం దిగువన ప్రాణహిత పోయి గోదావరిలో కలుస్తుంది. ఆ కలిసే చోట అవతలి గట్టున కాళేశ్వరం, ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్న ముక్తేశ్వరుడి గుడి. ఇంకా దిగువకు పోతే సోమనూరు దగ్గర ఇంద్రావతి వచ్చి చేరుతుంది. దాని అవతల ఛత్తీస్‌గఢ్. మూడు నదులు, మూడు రాష్ట్రాలు ఒకే తాలూకా చుట్టూ చేరాయి. 1982 ఆగస్టు 26న చంద్రపూర్ నుంచి విడదీసి గడ్చిరోలి జిల్లా చేశారు. ఆ జిల్లా కేంద్రం ఇక్కడికి దాదాపు రెండు వందల కిలోమీటర్లు. మంచిర్యాల అందులో సగం దూరం కూడా లేదు. అందుకే బట్టల బేరానికైనా, పెద్దాసుపత్రికైనా, పిల్లల సంబంధాలకైనా ఇక్కడి జనం చూపు నది దాటే పోతుంది. బళ్లో మరాఠీ, ఇంట్లో తెలుగు, అడవి పల్లెల్లో గోండి, మాడియా. ఒక్కరే ఇవన్నీ మాట్లాడటం ఇక్కడ వింత కాదు.

ఈ నేలకు నీటితో ఉన్న చుట్టరికం మనిషి పుట్టకముందు నాటిది. ప్రాణహిత ఒడ్డున కోట అనే పల్లె ఉంది. అక్కడి సున్నపురాళ్లలో దొరికిన చేపల శిలాజాలు పందొమ్మిదో శతాబ్దంలోనే ప్రపంచం కంట పడ్డాయి. ఆ రాతి పొరలకు శాస్త్రజ్ఞులు ఈ పల్లె పేరే పెట్టుకున్నారు. దగ్గరలోని పోచంపల్లి దగ్గర 1960 ప్రాంతంలో తవ్విన డైనోసార్ ఎముకలు ఇప్పుడు కోల్‌కతా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో నిలువెత్తున నిలబడి ఉన్నాయి. రవీంద్రుడి పేరు కలిపి ఆ డైనోసార్‌కు 1975లో బారాపాసారస్ టాగోరీ అని నామకరణం చేశారు. ఇన్ని కోట్ల ఏళ్ల చేపను చూడటానికి ఇక్కడికి వచ్చేవారు, అదే ఒడ్డున కట్టేసిన నావను చూడకుండా పోతారు. నాకు బాధ అక్కడే.

ఓడల సంగతికి వద్దాం. ధవళేశ్వరం ఆనకట్టను 1852 నాటికి పూర్తి చేయించిన ఆర్థర్ కాటన్‌ను మనం పొలాలకు నీళ్లిచ్చిన దొరగానే తలచుకుంటాం. ఆయన లెక్కలో నీళ్లకు రెండు పనులు. పంట పండించడం ఒకటి, సరుకు మోయడం రెండోది. డెల్టా కాలువలన్నీ పడవలు నడిచేలా తవ్వించింది అందుకే. లాకులు పెట్టించిందీ అందుకే. ఆయన దారిలోనే నడిచిన ఫెలిక్స్ థాకరే హేగ్ అనే ఇంజినీరు గోదావరిని, దాని ఉపనదులను పరిశీలించి, పడవలు ఎంతవరకు పోగలవో 1856లో నివేదిక రాశాడు. వార్ధా, హింగన్‌ఘాట్ నల్లరేగడి నేలల పత్తి ప్రాణహిత మీద దిగి, సిరోంచ మీదుగా గోదావరిలో పడి, ధవళేశ్వరం నుంచి కాలువలో కాకినాడ రేవుకు చేరాలి. సముద్రపు ఉప్పు అదే దారిన ఎగువకు రావాలి. కొన్ని చోట్ల ఆవిరి పడవ, కొన్ని చోట్ల తెరచాప, గడ. అదీ ఆలోచన.

అది కలగా మిగల్లేదు. దాని కోసం రాజ్యాల హద్దులే మారాయి. 1860 డిసెంబరులో నిజాం అఫ్జలుద్దౌలాతో కుదిరిన ఒప్పందంలో గోదావరి, వైన్‌గంగల ఎడమ గట్టు నేలలు బ్రిటిష్ వారి చేతికి వచ్చాయి. నది మీద పోయే సరుకుకు సుంకం ఉండకూడదన్న మాట కూడా అందులో రాసుకున్నారు. అలా చేతికొచ్చిన నేలతో ఎగువ గోదావరి జిల్లా ఏర్పడింది. దాని కేంద్రం సిరోంచ. ఇక్కడి నుంచి భద్రాచలం దాకా ఒకే జిల్లా. ఇవాళ రెండూ వేర్వేరు రాష్ట్రాల్లో ఉన్నాయి కాబట్టి నమ్మడం కష్టంగా ఉంటుంది కానీ, పడవ దారిని దృష్టిలో పెట్టుకుని గీసిన జిల్లా అది. దాని పటం నది ఒడ్డున పొడవుగా, సన్నగా ఉండేది.

ఆ సమయానికి ఇంకొకటి కలిసొచ్చింది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. అక్కడి పత్తి ఇంగ్లండు మిల్లులకు అందడం ఆగిపోయింది. మాంచెస్టర్ చూపు విదర్భ మీద పడింది. సెంట్రల్ ప్రావిన్సెస్ చీఫ్ కమిషనర్ రిచర్డ్ టెంపుల్ ఈ నదీ మార్గాన్ని గట్టిగా సమర్థించాడు.

నదికి మాత్రం తనదైన మాట ఉంది. సముద్రం నుంచి పైకి వస్తుంటే ఈ దారిలో మూడు చోట్ల నది అడుగున రాతి కట్టలు అడ్డంగా లేచి ఉంటాయి. మొదటిది దుమ్ముగూడెం. రెండోది ఇంద్రావతి కలిసే చోటికి దిగువన ఇచ్చంపల్లి. మూడోది సిరోంచకు ఎగువన, ప్రాణహితలో దేవలమర్రి దగ్గర. అంటే సిరోంచ సరిగ్గా రెండో అడ్డంకికీ మూడో అడ్డంకికీ నడుమ చిక్కుకుంది. వరద ఉన్నన్నాళ్లు రాళ్ల మీద నీళ్లు ఉరకలేసి పడవను నిలవనీయవు. వరద తీస్తే రాళ్లు తేలతాయి, పడవ అడుగు చీలుతుంది. హేగ్ ఉపాయం ఏమిటంటే, రాళ్ల వరసకు పైన ఆనకట్ట కట్టి నీటిని నిలబెట్టడం, గట్టు వెంట కాలువ తవ్వి పడవను రాళ్ల పక్కనుంచి తప్పించడం, ఆ కాలువలో లాకులు పెట్టడం. లాకు పనితనం గోదావరి జిల్లాల వాళ్లకు కొత్త కాదు. పడవ రాతి గోడల తొట్టిలోకి వస్తుంది. వెనక తలుపులు మూస్తారు. ముందు తలుపుల అడుగు తూములు ఎత్తుతారు. నీరు మెల్లగా నిండుతుంది, పడవను తనతో పాటు పైకి తీసుకుపోతుంది. లోపలి నీరు పైనున్న కాలువ నీటికి సమానమయ్యాక ముందు తలుపులు తెరుచుకుంటాయి. ఇంజను లేదు, మంట లేదు. నీరే పడవను ఎత్తుతుంది.

దుమ్ముగూడెంలో ఆనకట్ట కట్టారు, కాలువ తవ్వారు, లాకు పెట్టారు. మిగతా రెండు చోట్ల దారి పూర్తి కాలేదు. ఎండాకాలమే పని కాలం. వాన పడితే నది పనిని ముంచేది, చలిజ్వరం మనుషులను పడేసేది. అడవిలో పనివాళ్లు దొరకడం ఒక యాతన, దొరికినవాళ్లు బతికి బయటపడటం ఇంకో యాతన. కాలువల చరిత్ర రాసేవాళ్లు దొరల పేర్లు రాసినంత శ్రద్ధగా ఈ కూలీల లెక్క రాయలేదు. 1865లో అమెరికా యుద్ధం ముగిసి పత్తి ధర పడిపోయింది. 1867లో బొంబాయి నుంచి రైలు నాగపూర్ చేరింది. పత్తి మూటలు పడమటికి తిరిగాయి. 1871లో ఎగువ గోదావరి పనులు ఆపేశారు. 1874లో జిల్లాను కూడా రద్దు చేసి సిరోంచను చాందా జిల్లాకు కలిపారు, భద్రాచలం వైపు తాలూకాలను మద్రాసు రాజధానికి ఇచ్చారు. పదమూడు పద్నాలుగేళ్లు జిల్లా కేంద్రంగా వెలిగిన ఊరు మళ్లీ మామూలు తహసీలు ఊరైంది.

ఇక్కడితో కథ ముగిసిందని చాలామంది అంటారు. నేను అనను. ముగిసింది సర్కారు లెక్కల పుస్తకం మాత్రమే. ఆవిరి పడవ రాకముందూ ఈ నీళ్ల మీద మనిషి ప్రయాణం ఉంది, ఆ పథకం ఆగిపోయాకా ఉంది. గోదావరి ఎగువన కోటిలింగాల దగ్గర పట్నం కట్టుకున్న శాతవాహనులు, తూర్పు తీరంలో రెండు తెరచాప కొయ్యలున్న ఓడ బొమ్మతో నాణేలు ముద్రించారు. నది పైభాగాన్నీ కడలినీ ఒకే రాజ్యంగా చూసిన కాలం అది. అహేరి, ఆలాపల్లి అడవుల టేకు నదిలో తేలి రాజమండ్రి చేరేది. పచ్చి టేకు దుంగ బరువుకు నీళ్లలో మునుగుతుంది. అందుకే ఎండిన దుంగలకు వెదురు కట్టలు జోడించి తెప్పలు కట్టి, వరద నీటిలో వదిలేవారు. తెప్ప మీదే వంట, తెప్ప మీదే పడక. గోదావరి నోటి దగ్గర కోరంగి, తాళ్లరేవుల్లో వడ్రంగులు కొయ్య ఓడలు కట్టేవారు. ఆ ఓడలు బర్మా దాకా పోయాయి. అక్కడ తెలుగువాళ్లందరినీ కోరంగీలనే పిలిచేంతగా పోయాయి. ఓడ కట్టిన చోటును మనం గుర్తుపెట్టుకున్నాం. ఆ కట్టెలు దిగివచ్చిన దారిని మరిచాం. ఆలాపల్లి దగ్గర నరకకుండా మిగిల్చిన పాత అడవి ముక్క ఒకటి ఉంది. దాన్ని 2014లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. ఆ చెట్ల మొదళ్లు చూస్తే ఓడ అడుగు దూలం ఎంత లావు ఉండి ఉంటుందో చెప్పకుండానే తెలుస్తుంది.

ఇక ఇక్కడి నావ. బెస్తలు, ఢీవర్లు నడిపే ఈ నాటు పడవ గురించి ఎవరూ పుస్తకం రాయలేదు, అందుకని దగ్గరగా చూడాలి. అడుగు బల్లపరుపుగా ఉంటుంది. మోకాలి లోతు నీళ్లున్నా సాగిపోవాలి కదా. పలకల సందుల్లో నార కూరి తారు పూస్తారు. ఎంత పూసినా అడుగున నీరు ఊరుతూనే ఉంటుంది, ఒకరు డబ్బాతో తోడుతూనే ఉంటారు. నావ నడిపేవాడు వెనక నిలబడి వెదురు గడ దించుతాడు. గడ నేలకు తగిలిన చప్పుడు, చేతికి వచ్చిన అదురు బట్టి కింద ఇసుకో, బండో, బురదో అతనికి తెలిసిపోతుంది. ఇసుకైతే ఒత్తి తోస్తాడు. బండైతే గడను పక్కకు జార్చి ఇంకోచోట ఆనిస్తాడు. లోతు పెరిగి గడ అందకపోతే తెడ్డు తీస్తాడు. తిన్నగా అవతలికి పోడు. ముందు ఒడ్డు వెంట ఎగువకు నడిపి, అక్కడి నుంచి ఏటికి అడ్డంగా వదిలితే, వరవడి దాన్ని నెట్టుకుంటూ పోయి సరిగ్గా అవతలి రేవుకు చేరుస్తుంది. ఎంత ఎగువకు పోవాలో ఆ రోజు నీటి రంగు, వేగం చూసి తేల్చుకోవాలి. మోటారు సైకిల్ ఎక్కితే నడుమ పలక మీద పెడతారు. మేకలు ముందు వైపు. మనుషులు ఎటు కూర్చోవాలో అతని మాటే శాసనం: “అన్నా, నడుమకు రా. అక్కా, మూట కింద పెట్టు, లేవకు.” ఎంత పెద్దవాళ్లయినా ఆ కాసేపు అతని మాట వినాల్సిందే.

ఇంత విద్య ఒక్క తరంలో పోతోంది. గత పదిపన్నెండేళ్లలో సిరోంచ చుట్టూ వంతెనలు వచ్చాయి. కాళేశ్వరం వైపు గోదావరి మీద ఒకటి, చెన్నూరు వైపు ప్రాణహిత మీద ఒకటి, ఛత్తీస్‌గఢ్ వైపు ఇంద్రావతి మీద ఒకటి. నిజామాబాద్ నుంచి జగదల్‌పూర్ పోయే 63వ నంబరు జాతీయ రహదారికి ఇప్పుడు రేవు దగ్గర ఆగాల్సిన పని లేదు. ఈ వంతెనల కోసం ఇక్కడి జనం ఎన్నేళ్లు ఎదురుచూశారో తలచుకుంటే వాటిని తప్పుపట్టడానికి నోరు రాదు. నొప్పులు పడుతున్న ఆడమనిషిని వరదలో నావ ఎక్కించిన ఇల్లు వంతెనకు దండం పెడుతుంది. పెట్టాలి కూడా. 2024 జనవరిలో ఇదే జిల్లాలో చామోర్షి తాలూకాలో మిర్చి ఏరడానికి వైన్‌గంగ దాటుతున్న పడవ తిరగబడి ఆరుగురు మహిళలు పోయారు. వంతెన లేని చోట ప్రతి కూలిరోజూ అలాంటి గండమే. నావను కాపాడుకోవడమంటే జనాన్ని మళ్లీ నావలో ఎక్కించడం కాదు.

బరాజ్ సంగతి వేరు. 2019 జూన్ 21న ప్రారంభమైన మేడిగడ్డకు 85 గేట్లు. వెనక నీళ్లు నిలిచినప్పుడు సిరోంచ తాలూకా రైతుల పొలాల్లోకి వచ్చాయి. 2022 జులై వరదల తర్వాత వాళ్లు పరిహారం కోసం రోడ్డెక్కారు. 2023 అక్టోబరు 21న స్తంభాలు కుంగాక నీటిని నిల్వ చేయడం ఆపేశారు, నది మళ్లీ తన దారిన పారుతోంది. ఒకప్పుడు పడవ దారి కోసం నీటిని ఎత్తాలనుకున్నారు, ఇప్పుడు పొలాల కోసం ఎత్తాలనుకున్నారు. రెండుసార్లూ సిరోంచ గట్టు మీద ఉన్నవాళ్లను అడిగినవారు తక్కువ.

కాగితం మీద పడవ దారి ఇంకా బతికే ఉంది. 2016 జాతీయ జలమార్గాల చట్టంలో వైన్‌గంగ, ప్రాణహితలది 109వ నంబరు. గోదావరి నాలుగో నంబరు జలమార్గంలో భాగం. అంటే సిరోంచ రెండు జాతీయ జలమార్గాల కూడలి. చట్టంలో నంబరున్న ఈ దారిలో తిరిగే పడవల లెక్క గానీ, వాటిని కట్టే చేతుల లెక్క గానీ తీసుకున్నవాళ్లు లేరు.

పాత పడవలను ఎలా గౌరవించాలో లోకం చూపించింది. లండన్‌లో థేమ్స్ నది మీద సరుకులు మోసే తెరచాప పడవలకు 1863లో పందెం మొదలుపెట్టారు. హేగ్ మనుషులు గోదావరి రాళ్లతో కుస్తీ పడుతున్న రోజులే అవి. పెట్టినవాడు హెన్రీ డాడ్ అనే వ్యాపారి. జమీందార్ల షికారు పడవలకు కాదు, రోజూ బొగ్గు, గడ్డి, ఇటుకలు మోసే పడవలకు ఆయన పందెం పెట్టాడు. దాంతో పడవల రూపం బాగుపడింది, పడవవాడి పరువు పెరిగింది. ఫ్రాన్సులో బ్రెస్ట్ రేవులో 1992 నుంచి నాలుగేళ్లకోసారి పాత తెరచాప పడవలు వందలకొద్దీ చేరతాయి. అక్కడ గెలుపోటముల కంటే కలవడమే పెద్దది. మన దగ్గరా నీటి పందేలు లేకపోలేదు. హుస్సేన్‌సాగర్‌లో దశాబ్దాలుగా సెయిలింగ్ పోటీలు జరుగుతున్నాయి. 2025 సంక్రాంతికి కోనసీమలోని ఆత్రేయపురంలో కాటన్ పేరు మీదే డ్రాగన్ పడవల పోటీలు పెట్టారు. బాగుంది. కాకపోతే హుస్సేన్‌సాగర్‌లోది విదేశీ నమూనా ఫైబర్ పడవ, ఆత్రేయపురంలోది చైనా నమూనా పడవ. కాటన్ కాలువల్లో ధాన్యం మోసిన తెరచాప పడవకు అందులో చోటు లేదు. 2025లో మన నౌకాదళం అజంతా చిత్రంలోని ఓడను చూసి, పలకలను కొబ్బరి తాళ్లతో కుట్టించి ఐఎన్ఎస్‌వీ కౌండిన్యను తయారు చేయించింది. ఆ ఓడను కుట్టడానికి కేరళలో చేయి తిరిగిన వాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి సరిపోయింది. బొమ్మ ఒక్కటే మిగిలి చేతులు మిగలకపోతే ఏ నౌకాదళం ఏం చేయగలదు?

అందుకే నేను సిరోంచలో నావల పండుగ అడుగుతున్నాను. లక్షల బహుమతులు వద్దు, మోటార్లు వద్దు. కార్తీకం దాటి నీరు నిలకడ మీదికొచ్చాక, ప్రాణహిత రేవు నుంచి సంగమం దాకా. గడతో నడిపే నావలు ఒక వరస, తెడ్డుతో నడిపేవి ఒక వరస. రెండు దోనెలు జోడించి కట్టే సంగడి ఇంకా ఎవరింట్లోనైనా ఉంటే అది ముందు. దిగువ నుంచి తాళ్లరేవు వడ్రంగులను పిలవాలి. వాళ్లు ఒక చిన్న తెరచాప పడవను లారీ మీదనైనా తెస్తే, ఆ తెరచాప ఇక్కడి గాలిలో ఎలా నిండుతుందో చూడొచ్చు. చెన్నూరు, కాళేశ్వరం, భోపాలపట్నం నావలూ రావాలి. పందెం వేగానికి మాత్రమే పెడితే ఈ నావలకు అన్యాయం. ఏటికి అడ్డంగా వదిలి అవతల పాతిన గుంజ దగ్గర సరిగ్గా ఆపడం, నిండు బరువుతో లోతు తక్కువ చోట ఇసుకకు తగలకుండా దాటించడం, ఇవీ పోటీలు. నిర్ణేతలుగా రేవులో జీవితం గడిపిన ముసలివాళ్లు ఉండాలి. ప్రతి నావలో లైఫ్ జాకెట్లు ఉండాలి, అది బేరమాడే విషయం కాదు.

పండుగకు ముందే చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. ఒక్కో నావను కొలిచి బొమ్మ గీయాలి. ఏ కట్టె, ఎన్ని పలకలు, ఎవరు కట్టారు, ఏ రేవులో నడిచిందో రాయాలి. మరాఠీలోనూ తెలుగులోనూ రాయాలి. గోండ్వానా విశ్వవిద్యాలయం గడ్చిరోలిలోనే ఉంది, విద్యార్థులకు ఇంతకంటే మంచి క్షేత్ర పని దొరకదు. శిలాజాలు చూడటానికి వచ్చేవాళ్ల దారిలోనే ఒక రేకుల షెడ్డు వేసి రెండు మూడు పాత నావలు పెట్టొచ్చు. గాలి ఆడి, ఎండ తగలకుండా ఉంటే కట్టె నిలుస్తుంది.

2027లో గోదావరి పుష్కరాలు. కాళేశ్వరానికి, సిరోంచ ఘాట్లకు జనం పోటెత్తుతారు. ఎప్పటిలాగే ఆ రోజుల్లో బెస్త యువకులను స్నానఘట్టాల దగ్గర కాపలాకు పిలుస్తారు. పన్నెండు రోజుల కూలి ఇచ్చి పంపిస్తారు. ఈసారి ఆ పిలుపుతో పాటు నావల జాబితా కూడా తయారు చేయమని రెండు ఒడ్ల జిల్లాల కలెక్టర్లకు మనవి. పుష్కరాలకు పెట్టే ఖర్చులో అది ఏ మూలకూ రాదు. ఆ ఏడు కార్తీకం దాటాక మొదటి పందెం పెట్టుకోవచ్చు. రేవు ఉంది, నీరు ఉంది, గడ పట్టే చేతులు ఇంకా కొన్ని ఉన్నాయి.